గోడకును ఛార్జరునకును నడుమ

పెద్దలారా, ఈ సాయంకాలము నేను మీ యెదుట ప్రస్తావింపబూనినది రాజుల చరిత్రము గాదు, కోటల చరిత్రమును గాదు. రెండు మూడు మూరల పొడవు గల ఒక నల్లని తీగ చరిత్రము. చదువుకొను పిల్లలు గల యిండ్లలో ల్యాప్‌టాప్ అను మడత కంప్యూటరు ఇప్పుడు పలక వంటిది అయినది. దానికొక ఛార్జరు కలదు. ఆ ఛార్జరును గోడకు తగిలించు తీగ ఒకటి కలదు. ఎలుక కొరికినను, తలుపు సందున నలిగినను, మాటిమాటికి మడతపడి లోపలి రాగి పోగులు తెగినను ఆ తీగ పనికి రాకుండ పోవును. తీగ పోయిన రెండు మూడు గంటలకు వేల రూపాయలు పోసి కొన్న యంత్రము కన్ను మూయును. మరునాడు పిల్లకు పరీక్ష. లేదా ఉద్యోగమునకు ఇంటర్వ్యూ. అప్పుడు ఇంటి పెద్దకు పిలుపు వచ్చును: "తాతయ్యా, టౌనుకు వెళ్తున్నావు గదా, ఛార్జరు వైరు ఒకటి తెచ్చిపెట్టవా?"

టౌనులోని కంప్యూటరు దుకాణమున గోడ నిండ తీగలు వ్రేలాడుచుండును. అన్నియు నల్లనివే. దుకాణదారుడు "ఏ వైరు కావాలండీ?" అని అడుగును. సరిపడని తీగ తెచ్చినచో పోవునది బస్సు ఛార్జీ మాత్రమే. సరిపడినట్లు కనబడి లోన కల్తీగా నున్న తీగ తెచ్చినచో పోవునది వేఱు; అది ఒక్కొక్కచోట పరుపు, ఒక్కొక్కచోట పాక, ఒక్కొక్కచోట ప్రాణము. కావున ఈ తీగ ఎచ్చటినుండి వచ్చెనో, దాని రెండు కొనలును ఒకదానితో ఒకటి పోలిక లేక ఎందుకున్నవో తెలిసికొనుట వృథా కాదు.

ముందుగా ఒక మాట. ఛార్జరు అనగా ఇటుక వంటి చిన్న నల్లని పెట్టె. దానికి రెండు ప్రక్కల రెండు తీగలుండును. పెట్టెనుండి కంప్యూటరునకు పోవు సన్నని తీగ సాధారణముగా పెట్టెకే అతికి యుండును. అది పోయినచో తరచుగా పెట్టెయే మార్చవలసి వచ్చును. గోడనుండి పెట్టెకు వచ్చు తీగ మాత్రము చాలవరకు ఊడి వచ్చును. పెట్టె వైపునను ఒక బొడిపె, గోడ వైపునను ఒక ప్లగ్గు. దుకాణములలో పవర్ కేబుల్ అని అడుగునది దీనినే. పోయినది ఈ తీగ మాత్రమే యైనచో పెట్టెను పారవేయ నక్కరలేదు, కంప్యూటరును మరమ్మతునకు ఈయ నక్కరలేదు. ఈ సంగతి తెలియక మొత్తము ఛార్జరు కొన్న యిండ్లు చాల కలవు.

ఇక చరిత్రమునకు వత్తము. 1882లో న్యూయార్కు నగరమున పెర్ల్ స్ట్రీట్ అను వీధియందు ఎడిసను తన విద్యుత్కేంద్రమును నెలకొల్పినప్పుడు విద్యుత్తు అనగా దీపమే. ఇంటి గోడలలో తీగలు పోసినది దీపములకే. గోడకు రంధ్రములు పెట్టవలెనను తలంపు ఎవరికిని లేదు. పిదప విసనకఱ్ఱలు వచ్చెను, ఇస్త్రీ పెట్టెలు వచ్చెను. వానికి విద్యుత్తు ఎచ్చటినుండి? బల్బు తీసివేసి, ఆ హోల్డరునకే ఇస్త్రీ పెట్టె తగిలించెడివారు. మన దేశమునను ఇట్టి ఏర్పాటు చాలకాలము సాగినది. బల్బు హోల్డరునకు మెలిపెట్టి తగిలించు రెండు రంధ్రముల బిళ్ల ఒకటి ఉండెడిది. దానికి రేడియో తగిలించి విన్నవారు మీలో కొందరు ఉండవచ్చును. అమెరికాలో హోల్డరు మరచుట్టుది గనుక, ఇస్త్రీ పెట్టె తగిలించుటకు తీగ మొత్తమును గిరగిర త్రిప్పవలసి వచ్చెడిది. తీగ పురిపడి తెగిపోవుట మామూలు. 1904లో హార్వే హబ్బెల్ అను అమెరికా వర్తకుడు హోల్డరులో ఒక భాగము నిలిచి యుండగా, రెండవ భాగము తిన్నగా ఊడి వచ్చునట్టి ప్లగ్గునకు పేటెంటు పొందెను. గోడలో ఒకటి, చేతిలో ఒకటి అను నేటి మన పద్ధతికి అది తొలి మెట్లలో ఒకటి.

ఇంగ్లండులో వేఱు దారి పట్టిరి. గుండ్రని పిన్నుల ప్లగ్గులు అక్కడ పెరిగినవి. మొదట రెండు పిన్నులు, పిమ్మట మూడు. కంపెనీకొక కొలతగా ఉండిన వానిని ఒక త్రోవకు తెచ్చి, 1934లో బ్రిటిషు ప్రమాణ సంస్థ 546 అను సంఖ్యతో ఒక ప్రమాణమును ప్రకటించినది. రెండు, అయిదు, పదునైదు, ముప్పది ఆంపియర్లు అని నాలుగు తరగతులు. వీనిలో అయిదు, పదునైదు ఆంపియర్ల ప్లగ్గులే మన యిండ్లకు వచ్చినవి. ఫ్యానునకు, టీవీకి చిన్నది. గీజరునకు, మోటారునకు పెద్దది. ఇప్పటి భారతీయ ప్రమాణము 1293వ సంఖ్య గలది. అందు వీనిని 6 ఆంపియర్లు, 16 ఆంపియర్లు అని వ్రాయుదురు. రూపము మాత్రము తాతలనాటి రూపమే. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో మొదలైన పిదప ఆంధ్రదేశపు పల్లెలలో ఒక్కొక్క యింటికి కరెంటు వచ్చినకొలది, గోడలమీద వెలసిన మూడు రంధ్రముల బిళ్ల ఈ వంశములోనిదే.

ఆ మూడు రంధ్రములను ఒకమారు పరికించి చూడుడు. క్రింది రెండును సన్నము, పైది లావు. ప్లగ్గులో పై పిన్ను లావుగా నుండుటయే గాక పొడవుగా కూడ నుండును. చిన్న ప్లగ్గున క్రింది పిన్నులు 5 మిల్లీమీటర్లకు కొంచె మెక్కువ, పై పిన్ను 7 మిల్లీమీటర్లకు కొంచె మెక్కువ. చిత్రమేమనగా, చిన్న ప్లగ్గులోని లావు పిన్నును, పెద్ద ప్లగ్గులోని సన్న పిన్నులును ఒకే కొలత. క్రింది రెండింటిలో ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రలు. విద్యుత్తు వాని ద్వారా వచ్చి పోవును. పైది ఎర్తు. పని జరుగుటకు దానితో అవసరము లేదు. అది లేకున్నను దీపము వెలుగును, ఫ్యాను తిరుగును, ల్యాప్‌టాప్ ఛార్జి అగును. ఈ ఒక్క కారణముచేతనే దానికి మన యిండ్లలో గౌరవము తక్కువ.

అది చేయు పని ఏమి? యంత్రము లోపల తీగ తెగి ఇనుప ఒంటికి తగిలినచో ఆ ఒళ్లంతయు ఫేజు అగును. అప్పుడు దానిని ముట్టుకొన్న మనిషి దేహము ద్వారా విద్యుత్తు నేలకు దిగును. ఎర్తు పిన్ను ఉన్నచో, మనిషికంటె సుళువైన దారి ముందే సిద్ధముగా ఉండును. విద్యుత్తు ఆ దారిన ఒక్కుమ్మడిగా నేలకు పాఱగా ఫ్యూజు పోవును, లేదా బ్రేకరు పడిపోవును, ప్రమాదము తప్పును. ఇంటి ప్రక్కన గొయ్యి త్రవ్వి, గొట్టము దింపి, బొగ్గును ఉప్పును వేసి పూడ్చి, వేసవిలో నీరు పోయుచుందురే, ఆ గొయ్యి ఈ దారికి చివర. ఆ పిన్ను పొడవుగా పెట్టుటలోని యుక్తి మెచ్చదగినది. ప్లగ్గు గుచ్చునప్పుడు అన్నిటికంటె ముందు ఎర్తు తగులును. తీయునప్పుడు అన్నిటికంటె చివర విడిపోవును. కాపలావాడు ముందు వచ్చి చివర పోవును.

ఇచ్చట చరిత్రమున ఒక చమత్కారము కలదు. మనకు స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే ఇంగ్లండులో ఈ గుండ్రని పిన్నులకు మారుగా వేఱొక ప్రమాణము పుట్టినది. యుద్ధము ముగిసిన పిమ్మట కూలిన యిండ్లను తిరిగి కట్టవలెను. రాగి కొఱతగా నుండెను. ప్రతి సాకెట్టునకు వేఱు తీగ లాగక, ఇల్లంతయు ఒకే వలయముగా తీగ చుట్టి, ప్రతి ప్లగ్గులోపల చిన్న ఫ్యూజు పెట్టినచో రాగి కలిసి వచ్చునని ఎంచిరి. యుద్ధకాలమున ఈ విషయమును విచారించిన సంఘమున ఒకే యొక స్త్రీ ఉండెను. ఆమె కరోలిన్ హాస్‌లెట్ అను ఇంజనీరు. పిల్లలు వ్రేళ్లు పెట్టకుండ సాకెట్టు రంధ్రములకు లోపల తలుపులుండవలెనని పట్టుపట్టినవారిలో ఆమె ముఖ్యురాలు. అట్లు పలక వంటి చదరపు పిన్నుల ప్లగ్గు అక్కడ వచ్చినది. ఇంగ్లండు తన పాత ప్లగ్గును క్రమముగా విడిచెను, మనము ఉంచుకొంటిమి. దీనిని కొందరు వెనుకబాటు అందురు. నాకట్లు తోచదు. ఆ గుండ్రని పిన్ను దృఢమైనది, ఊరి కంసాలి కూడ గుర్తుపట్టగల ఇత్తడి పని. ఒకే యింట రెండు కొలతల ప్లగ్గులు ఉండుట మాత్రము ఇబ్బందియే, కాదనను.

దేశమునకొక ప్లగ్గు ఎందుకు వచ్చినదో ఇప్పుడు మీకు తెలిసియుండును. ఒడంబడికకు ముందే గోడలు లేచినవి. జర్మనీలో 1920ల దశకమున ప్రక్కలనుండి ఎర్తు తగులు గుండ్రని ప్లగ్గు. అమెరికాలో బల్లపరపు రెండు రేకులు, 1928లో ఫిలిప్ లాబ్రే అనునతడు పొందిన పేటెంటు దారిన దానికి మూడవదిగా ఎర్తు పిన్ను. అమెరికాలో 120 వోల్టులు, మనకు 230. గోడ కట్టినవాడు ప్లగ్గు కొఱకు గోడ పడగొట్టడు గదా.

ఒడంబడిక కావలెనని తలచినవారు లేకపోలేదు. హబ్బెల్ పేటెంటు పొందిన ఆ 1904లోనే, అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున విద్యుచ్ఛాస్త్రజ్ఞుల మహాసభ జరిగినది. అందు క్రాంప్టను అను ఇంగ్లీషు ఇంజనీరు, దేశములన్నియు కూడి కొలతలను ఏకము చేయవలెనని వాదించెను. ఈయన యౌవనమున మన దేశమున సైనికోద్యోగి. రోడ్లమీద ఆవిరి బండ్లు నడపించు ప్రయత్నము కూడ ఇచ్చటనే చేసెను. మీ యింట తిరుగు ఫ్యానుమీద, పొలములోని మోటారుమీద క్రాంప్టను అను పేరు చూచియుందురు. ఆ పేరు ఈయన పెట్టిన వ్యాపారమునుండి వచ్చినదే. ఆ మహాసభ తీర్మానము ననుసరించి 1906లో లండనులో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము ఏర్పడినది. దానికి తొలి అధ్యక్షుడు లార్డ్ కెల్విన్. ఇంగ్లీషు అక్షరములతో పొట్టిగా ఐ.ఇ.సి. అందురు.

ఈ సంఘము గోడ ప్లగ్గును ఏకము చేయ యత్నించి దాదాపుగా విఫలమైనది. రెండవ ప్రపంచ యుద్ధము అడ్డుపడినది. యుద్ధానంతరము ప్రతి దేశమును తన గోడలను తాను కాచుకొన్నది. 1986లో లోకమంతటికి ఒక ప్లగ్గు అని రూపము గీసి చూపినను, దానిని గైకొన్నవి బ్రెజిలు, దక్షిణాఫ్రికా వంటి ఒకటి రెండు దేశములే. కాని తీగ రెండవ కొనయందు, అనగా యంత్రమువైపు కొనయందు, సంఘము గెలిచినది. అక్కడ గోడలు లేవు, పడగొట్టవలసినది లేదు. 1970లో ఐ.ఇ.సి. 320 అను ప్రమాణము వెలువడినది. యంత్రముల వెనుక ఉండు గుంటలకును, వానిలో దూరు బొడిపెలకును రూపములు నిర్ణయించి, ఒక్కొక్కదానికి సంఖ్య పెట్టిరి. తీగ కొనకు బేసి సంఖ్య, యంత్రములోని గుంటకు సరి సంఖ్య. సి-13 తీగ సి-14 గుంటలో దూరును. సి-5 తీగ సి-6 గుంటలో దూరును. హైదరాబాదులో కొన్నను, హాంబర్గులో కొన్నను ఆ కొన మారదు.

మనకు అక్కరపడునవి మూడే. సి-13 పెద్దది, పై రెండు మూలలు కోసివేసిన పెట్టె వలె నుండును, మూడు నిలువు రంధ్రములు. బల్లమీది కంప్యూటరునకు, దాని తెరకు, కొన్ని కుక్కర్లకు ఇదియే. 10 ఆంపియర్ల వరకు తట్టుకొనును. ల్యాప్‌టాప్ ఛార్జర్లలో పెద్దవాటికి కొన్నిటికి ఇదియే ఉండును. సి-5 చిన్నది, ల్యాప్‌టాప్ ఛార్జర్లకు ఎక్కువగా వచ్చునది ఇదియే. మారేడు దళము చూడుడు, మూడు ఆకులు ఒక తొడిమను చేరియుండును. సి-5 కొన అచ్చముగా అట్లే: మూడు గుండ్లు కలిసినట్లు, నడుమ మూడు రంధ్రములు. సి-7 దానికంటె చిన్నది, రెండు గుండ్లు ప్రక్కప్రక్కన, 8 అంకె పడుకొన్నట్లు. దానికి ఎర్తు లేదు. ఈ రెండును 2.5 ఆంపియర్లకు నిర్ణయింపబడినవి. 65 వాట్ల ఛార్జరు 230 వోల్టుల మీద తీసికొనునది ఒక ఆంపియరు కంటెను తక్కువ. కావున ఆ చిన్న కొన చాలును.

ఈ ప్రమాణమున ఒక చిన్న యుక్తి చెప్పి ముందుకు పోయెదను. నీరు కాచు కెటిలు వేడెక్కును. దాని తీగ వేడికి ఓర్వవలెను. అందుచే సి-13 వంటిదే యైన సి-15 అను కొనకు ప్రక్కన ఒక గంటు పెట్టిరి; కెటిలు గుంటలో ఆ గంటునకు ఎదురుగా ఒక గట్టు. వేడికోర్చు కెటిలు తీగ కంప్యూటరునకు పట్టును. వేడికోర్వని కంప్యూటరు తీగ కెటిలునకు పట్టదు. బలవంతుడు బలహీనుని పని చేయవచ్చును, బలహీనుడు బలవంతుని పనికి పోరాదు. చదువురాని వానిని కూడ ఆ గట్టే ఆపును. నాకు ఈ ప్రమాణమంతటిలో మిక్కిలి నచ్చినది ఇదియే.

ల్యాప్‌టాప్ అను యంత్రము ఈ ప్రమాణము తరువాత పుట్టినది. 1985లో జపానుకు చెందిన తోషిబా సంస్థ టి-1100 అను మడత కంప్యూటరును అమ్మజూపెను; ఆ తరువాత అవి విస్తరించినవి. దానితో తిరుగువాడు దేశములు తిరుగును. అందుచే ఛార్జరు పెట్టెను 100 వోల్టులనుండి 240 వోల్టుల వరకు దేనినైనను మ్రింగి ఒకే విధముగా జీర్ణించుకొనునట్లు చేయసాగిరి. పెట్టె అడుగున సన్నని అక్షరములతో ఈ సంగతి ముద్రించి యుండును; కండ్లజోడు పెట్టుకొని చదువుడు. అట్లు పెట్టె అంతర్జాతీయము అయ్యెను, పెట్టెవైపు కొన అంతర్జాతీయము అయ్యెను, గోడవైపు కొన మాత్రము స్వదేశీయముగా నిలిచిపోయెను. తీగను ఊడదీయుటకు వీలుగా చేసినది ఇందుకే. కర్మాగారము వారు ఒకే పెట్టెను లోకమంతటికి చేసి, దేశమునకొక తీగను జత చేసి పంపుదురు.

మన తెలుగు పిల్లలు అమెరికాలో వేనవేలుగా ఉన్నారు. సెలవులకు వచ్చునప్పుడు తెచ్చు ల్యాప్‌టాప్ తీగకు బల్లపరపు రేకులుండును, మన గోడకు పట్టవు. అప్పుడు బజారునుండి నాలుగు రకముల రంధ్రములు గల ఒక తెల్లని అడాప్టరు బిళ్ల తెచ్చి నడుమ పెట్టుదురు. ఆ బిళ్లలలో పెక్కింటికి ఎర్తు లోపల కలిసియుండదు, పట్టును వదులు. పైగా అమెరికా తీగమీద 125 వోల్టులు అని ముద్రించి యుండును. మన గోడలో ఉన్నది 230. బిళ్ల కొనుటకు బదులు మన దేశపు ప్లగ్గు గల తీగనే ఒకటి కొని, ఆ పెట్టెకే తగిలించినచో సరి. తిరుగు ప్రయాణమున ఆ తీగ ఇంట నుండిపోవును. మఱుసటేటికి పనికి వచ్చును. పెట్టెమీద 100-240 అని ఉన్నదో లేదో చూచుకొనుట మాత్రము మఱవరాదు.

ఇక ఆ లావు పిన్ను మాట. మన యిండ్లలో దానికి జరుగు అన్యాయము చూచినచో హాస్‌లెట్ గారు నిట్టూర్చెడివారేమో. రెండు రంధ్రముల ఎక్స్‌టెన్షను పెట్టెలో పట్టుట లేదని ఆ పిన్నును రాతితో కొట్టి విఱుగగొట్టువారు కలరు. మరలు విప్పి తీసి పారవేయువారు కలరు. కొన్ని యిండ్ల సాకెట్టులలో మూడవ రంధ్రమున్నను దాని వెనుక తీగయే లేదు. ఎర్తు గొయ్యి ఎన్నడును త్రవ్వలేదు. ఇనుప లేదా అల్యూమినియము ఒళ్లు గల ల్యాప్‌టాప్‌ను ఛార్జి అగుచుండగా ముంజేతితో ముట్టుకొన్నప్పుడు జివ్వుమని చీమలు ప్రాకినట్లు తోచినదా? ఛార్జరు లోపల వడపోతకై పెట్టిన భాగములనుండి అత్యల్పమైన విద్యుత్తు ఒంటికి చేరును; అది ఎర్తు దారిన నేలకు పోవలసినది. ఎర్తు లేనందున మీ చేతి దారి వెదకుచున్నది. ఆ జివ్వుమనుట మాత్రముచేత మనిషి చావడు. కాని ఆ యింట కాపలావాడు లేడను వార్త అది. అదే గోడకు రేపు వాషింగ్ మెషీను తగిలింతురు, ఎల్లుండి గీజరు తగిలింతురు. తడి చేతులతో వానిని ముట్టుకొనువారు ఇంటి ఆడువారు, పిల్లలు. తీగ మార్చబోయినప్పుడు ఎలెక్ట్రీషియనును పిలిచి ఎర్తు కూడ చూపించుకొనుట మేలు.

రెండు పిన్నుల ఛార్జర్లు ఉన్నవి గదా, వాని మాటేమి అని మీరడుగవచ్చును. పెట్టెమీద పెద్ద చదరములో చిన్న చదరము గీసిన గుర్తు ఉన్నచో, దానిని రెండు పొరల కవచముతో ఎర్తు అక్కర లేకుండ చేసినారని అర్థము. ఆ గుంట 8 అంకె రూపమున ఉండును. దానికి రెండు పిన్నుల తీగ న్యాయమే. మారేడు దళము రూపపు గుంటకు మాత్రము మూడు పిన్నుల తీగయే కావలెను. ఒక కొన మూడు రంధ్రములు, మఱియొక కొన రెండు పిన్నులు గల తీగలు బజారున ఉన్నవి, వానిని ముట్టరాదు. ఇంకొక మాట: యూరపు పద్ధతి సన్న పిన్నులు 4 మిల్లీమీటర్లవి. మన సాకెట్టు అంతకంటె లావు పిన్నులకు చేసినది. అందుచే అవి వదులుగా కూర్చుండి నిప్పురవ్వలు విసరును.

విద్యుత్తు తక్కువ గదా, తీగ ఏదైన నేమి అనుకొనువారికి ఇటీవలి చరిత్రము ఒకటి కలదు. 2014 ఆగస్టులో హెచ్.పి. సంస్థ అమెరికా, కెనడా దేశములలో అమ్మిన సుమారు 60 లక్షల ల్యాప్‌టాప్ తీగలను వెనుకకు పిలిచినది. పెట్టెవైపు కొనమీద ఎల్.ఎస్.-15 అని ముద్ర గల తీగలవి. 2010 సెప్టెంబరునుండి 2012 జూను వరకు అమ్మినవి. అవి వేడెక్కి కరిగినట్లును, మాడినట్లును 29 ఫిర్యాదులు వచ్చినవి. ఇద్దరు స్వల్పముగా కాలిన గాయములు చెప్పుకొనిరి. 60 లక్షలలో 29! అంత మాత్రమునకే మొత్తము పిలిచి, ఉచితముగా వేఱు తీగ నిచ్చిరి. అదే సంవత్సరము డిసెంబరులో అదే ముద్ర గల తీగలనే లెనోవో సంస్థయు పిలిచినది. 2016లో మైక్రోసాఫ్టు తన సర్ఫేసు ప్రో యంత్రముల తీగలను, అమెరికాలో మాత్రమే ఇరువది రెండు లక్షలకు పైగా, వెనుకకు తీసికొన్నది. ఇవన్నియు పేరుపడిన సంస్థలు ఇచ్చిన అసలు తీగలు. పేరు కూడ లేని తీగ బజారున వ్రేలాడుచున్నప్పుడు దానికి ఫిర్యాదు వ్రాయుటకు చిరునామా ఉండదు. దానిని వెనుకకు పిలుచువారును ఉండరు.

అందుచే గుర్తు చూడవలెను. మన దేశమున ప్రమాణములు నిర్ణయించుటకు భారతీయ ప్రమాణ సంస్థ 1947 జనవరిలో ఏర్పడినది, ఐ.ఎస్.ఐ. ముద్ర దాని పేరున వచ్చినదే. 1987లో ఆ సంస్థ స్థానమున చట్టబద్ధముగా బ్యూరో ఏర్పడినది. తీగకును ప్లగ్గునకును ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండవలెను, ప్లగ్గునకు 1293, తీగకు 694 అను ప్రమాణ సంఖ్యలు, వానితో లైసెన్సు సంఖ్య. బ్యూరో వారి బి.ఐ.ఎస్. కేర్ అను యాప్‌లో ఆ లైసెన్సు సంఖ్య కొట్టినచో ఎవరికి ఇచ్చినదో తెలియును. మీ మనుమరాలు దుకాణము ముందు నిలువబడియే చూడగలదు. ముద్ర అచ్చువేయుట తేలిక, సంఖ్య కుదురుట కష్టము.

దుకాణమునకు పోవునప్పుడు పాత తీగను, వీలైనచో పెట్టెను కూడ సంచిలో వేసికొని పొండు; మాటలతో రూపము చెప్పజాలము. క్రొత్త తీగమీద మూడు పోగులు, 0.75 చదరపు మిల్లీమీటర్లు అని యున్నదేమో చూడుడు. చేతబట్టి తూచుడు, రాగి బరువు తెలియును. పిన్నులు ఇత్తడివి కావలెను; అయస్కాంతమునకు అంటుకొన్నచో ఇనుమునకు పూత పూసినవని గ్రహింపుడు. పెట్టెలోనికి గట్టిగా దూరవలెను, వ్రేలితో కదల్చినచో ఊగరాదు. ఇంటికి వచ్చి అరగంట ఛార్జి పెట్టి రెండు కొనలను తాకి చూడుడు; పెట్టె వెచ్చబడుట సహజము, తీగ కొన వెచ్చబడుట సహజము కాదు. తెగిన పాత తీగను టేపు చుట్టి పరుపుప్రక్కన వాడుకొనుట మాత్రము వలదు. పొలములో స్టార్టరు తీగకు చేసిన మరమ్మతు పిల్ల నిద్రించుచోట పనికిరాదు.

ఈ మారేడు దళపు తీగకు కాలము కొంత దగ్గరపడినది. హెచ్.పి. వారు తీగలను పిలిచిన ఆ 2014 ఆగస్టులోనే, యు.ఎస్.బి. టైప్-సి అను క్రొత్త కొన రూపము వెలువడినది. ఏ వైపు త్రిప్పి పెట్టినను దూరు చిన్న అండాకారపు కొన. ఇప్పటి ఫోనులకు ఉన్నది అదియే. 2022లో ఐరోపా సమాఖ్య ఒక శాసనము చేసి, 2024 డిసెంబరు 28 నుండి ఫోనులకు, 2026 ఏప్రిల్ 28 నుండి ల్యాప్‌టాప్‌లకు ఆ కొన ఉండవలెనని విధించినది. మన బ్యూరో కూడ ఆ కొనకు భారతీయ ప్రమాణమును ప్రచురించినది. ఇట్టి ఛార్జర్లలో చిన్నవి సెల్‌ఫోను ఛార్జరు వలె తిన్నగా గోడకే తగులును. ఊడి వచ్చు తీగ గోడవైపు గాక కంప్యూటరువైపు ఉండును. అక్కడ 230 వోల్టులు లేవు గనుక ఎర్తు భయము లేదు. అయితే ఆ తీగలన్నియు చూచుటకు ఒక్కటే. కొన్ని 60 వాట్ల వరకే మోయును, కొన్ని 100, క్రొత్తవి 240. ఎక్కువ మోయువానిలో తన శక్తి యింత అని చెప్పు చిన్న చిప్పు ఒకటి దాగి యుండును. ఫోనుతో వచ్చిన తీగ ల్యాప్‌టాప్‌నకు దూరును గాని ఛార్జి నత్తనడకన ఎక్కును, లేదా ఎక్కనే ఎక్కదు. ఆ తీగ కొనబోయినప్పుడు రూపము చూపిన చాలదు. ఎన్ని వాట్లకు అని అడిగి, పెట్టెమీది వాట్లతో సరిచూచి తీసికొనవలెను.